నొటేషన్ ఫైల్ ఓపెన్ కావట్లేదా, ముందు దాని పేరు చూడండి

పోయిన సంక్రాంతి ప్రోగ్రామ్‌కి ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నరకి చెన్నైలో, వేళచ్చేరిలో ఒక జెరాక్స్ షాపు ముందు నిలబడి ఉన్నా. చేతిలో పెన్‌డ్రైవ్, అందులో మా అపార్ట్‌మెంట్ తెలుగు వాళ్ళ బృందానికి కావాల్సిన 14 నొటేషన్ పార్టులు, వయొలిన్లు, వీణ, ఫ్లూట్, కీబోర్డ్, కోరస్, అన్నీ పీడీఎఫ్‌లే. షాపు తమ్ముడు పెన్‌డ్రైవ్ పెట్టి ఒకటి నొక్కాడు, ఓపెన్ కాలేదు, ఇంకోటి నొక్కాడు, అదీ కాలేదు, "ఫైల్ కరప్ట్ సార్" అనేసి పక్కాయన ఆధార్ కార్డు తీసుకుని మెషిన్ మీద పెట్టాడు. నాకు కాళ్ళల్లో వణుకు వచ్చింది, ఎందుకంటే మర్నాడు పొద్దున ఏడింటికి రిహార్సల్, పిల్లలకి పేపర్లు లేకపోతే వాయించడం కుదరదు.

ఇంటికొచ్చి మ్యాక్‌లో పెడితే అన్నీ బంగారంలా ఓపెన్ అయ్యాయి. అప్పుడు ఒక్కొక్కటి చూస్తే తెలిసింది, ఒక్క ఫైల్ కూడా పాడవ్వలేదు, అంతా పేర్ల గొడవే. ఆ రాత్రి పదకొండింటి దాకా కూర్చుని పేర్లు మార్చి, తెల్లారి ఇంకో షాపులో ప్రింట్ తీయించి పరిగెత్తా. అప్పట్నుంచి మా వాళ్ళల్లో ఎవరికి నొటేషన్ ఫైల్ ఓపెన్ కాకపోయినా నాకే ఫోన్ చేస్తారు, అక్క దగ్గర ఉబుంటు, అంటే లినక్స్, మేనల్లుడి దగ్గర మ్యాక్, బాబాయి దగ్గర విండోస్ 10 ఉన్న పాత ల్యాప్‌టాప్, కాబట్టి రకరకాల కేసులు చూశా. అవన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నా, మ్యూజ్‌స్కోర్ వాడినా సిబేలియస్ వాడినా డోరికో వాడినా లిలీపాండ్ వాడినా చాలావరకు ఇవే పనికొస్తాయి, ఎందుకంటే పేర్ల రూల్స్ పెట్టేది ఆపరేటింగ్ సిస్టమ్ గానీ నొటేషన్ సాఫ్ట్‌వేర్ కాదు.

ముందు చేయాల్సిన పని

ఎర్రర్ రాగానే సాఫ్ట్‌వేర్ అన్‌ఇన్‌స్టాల్ చేయకండి, ఫైల్ డిలీట్ చేయకండి, ఉన్నదాని మీద మళ్ళీ సేవ్ కొట్టకండి. ఫైల్‌కి ఒక కాపీ తీయండి, ఆ కాపీని పెన్‌డ్రైవ్‌లో కాకుండా కంప్యూటర్‌లోనే ఒక చిన్న పేరున్న ఫోల్డర్‌లో పెట్టండి, విండోస్ అయితే సీ డ్రైవ్‌లో నేరుగా ఒక ఫోల్డర్ చేసుకుంటే చాలు. తర్వాత ఆ కాపీకి ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో టెస్ట్1 అని పేరు పెట్టండి, చివర చుక్క తర్వాత ఉండే ఎక్స్‌టెన్షన్ మాత్రం కదిలించొద్దు. ఇప్పుడు డబుల్ క్లిక్ చేయకుండా సాఫ్ట్‌వేర్ తెరిచి లోపల ఫైల్ మెనూలో ఓపెన్ ద్వారా దాన్ని తీయండి, డబుల్ క్లిక్‌లో ఏ యాప్‌తో తెరవాలి అనే ఇంకో గొడవ కలుస్తుంది, రెండూ కలిపి చూస్తే ఏది తప్పో తెలీదు.

టెస్ట్1 ఓపెన్ అయిందంటే లోపల సంగీతం భద్రంగా ఉంది, పాత పేరులోనో పాత ఫోల్డర్ల దారిలోనో ఏదో అడ్డం ఉందన్నమాట. ఓపెన్ కాకపోతే అప్పుడు ఫైల్ సైజు చూడండి. 0 బైట్లు ఉంటే ఒక కథ, సరిగ్గా 4 కేబీ ఉండి పేరు ముందు చుక్కా అండర్‌స్కోర్ ఉంటే ఇంకో కథ, మామూలు సైజే ఉంటే మూడో కథ.

చుక్క అండర్‌స్కోర్ ఫైళ్ళు

ఆ రాత్రి షాపు తమ్ముడు నొక్కినవి ఇవే. మ్యాక్ నుంచి ఎక్స్‌ఫ్యాట్ లేదా ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌కి కాపీ చేస్తే మ్యాక్ తన సొంత సమాచారం దాచుకోడానికి అసలు ఫైల్ పక్కనే అదే పేరుతో, ముందు చుక్క అండర్‌స్కోర్ తగిలించి ఇంకో చిన్న ఫైల్ పెడుతుంది. మ్యాక్‌లో అది కనపడదు. విండోస్‌లో కనపడొచ్చు, చూడ్డానికి పేరు అదే, ఎక్స్‌టెన్షన్ అదే, లిస్టులో పైన అవే వస్తాయి కాబట్టి ఎవరైనా మొదట వాటినే నొక్కుతారు. అందులో నొటేషన్ ఉండదు, అందుకే కరప్ట్ అంటుంది. వదిలేసి కింద చుక్క లేని అసలు ఫైల్ నొక్కండి. నేనైతే ఇప్పుడు మ్యాక్ నుంచి కాపీ చేశాక ఆ పెన్‌డ్రైవ్ విండోస్‌లో ఒకసారి పెట్టి ఈ చుక్క ఫైళ్ళన్నీ తీసేసి అప్పుడు షాపుకి తీసుకెళ్తా.

7/8 అనే పేరు

మన పాటల పేర్లలో గీతలు చుక్కలు ఎక్కువ, అదే అసలు ఇబ్బంది. మిశ్రచాపు అనగానే 7/8 అని రాస్తాం, ఖండచాపు 5/8, వయొలిన్ ఒకటి రెండు కలిపి 1/2 అని రాస్తాం, తాళం అంగాలు విడదీయడానికి నిలువు గీతలు పెడతాం, పల్లవి తర్వాత కోలన్ పెడతాం, సందేహం ఉన్న చోట కొశ్చన్ మార్క్, ఫైనల్ అని చెప్పడానికి స్టార్లు. వీటిల్లో ఏ ఒక్కటీ విండోస్ ఫైల్ పేరులో పనికిరాదు. మొత్తం లిస్ట్ తొమ్మిది గుర్తులు: లెస్ దేన్, గ్రేటర్ దేన్, కోలన్, డబుల్ కోట్స్, ముందుకి వాలిన స్లాష్, వెనక్కి వాలిన స్లాష్, నిలువు గీత, కొశ్చన్ మార్క్, స్టార్. లినక్స్‌లో స్లాష్ ఒక్కటే కుదరదు, మిగతా ఎనిమిదీ హాయిగా ఒప్పుకుంటుంది, అందుకే అక్క ఉబుంటులో కోలన్ పెట్టి పంపిన ఫైళ్ళు బాబాయి దగ్గర ఎప్పుడూ ఆగిపోయేవి.

మ్యాక్ కథ ఇంకా విచిత్రం. ఫైండర్‌లో కోలన్ టైప్ చేయనివ్వదు, స్లాష్ మాత్రం చేయనిస్తుంది, కానీ లోపల ఆ స్లాష్‌ని కోలన్‌గా దాచుకుంటుంది, మీరు 7/8 అని పెట్టిన ఫైల్‌ని అదే మ్యాక్‌లో టెర్మినల్ తెరిచి చూస్తే 7:8 అని కనిపిస్తుంది. అంటే ఆ పేరు విండోస్‌కి రెండు విధాలుగానూ పనికిరాదు, స్లాష్ అయినా తప్పే, కోలన్ అయినా తప్పే. ఎలా కాపీ అయిందో దాన్ని బట్టి అవతల డబ్బా గుర్తు కనపడొచ్చు, లేదా కాపీ మధ్యలోనే ఆగిపోవచ్చు. నా 14 పార్టుల్లో చుక్క ఫైళ్ళు పక్కన పెడితే నిజంగా ఇబ్బంది పెట్టింది ఈ 7/8 ఏ.

కోలన్‌తో విండోస్‌లో ఇంకో ప్రమాదం ఉంది, ఇది తెలియక ఫైల్ పోయిందనుకుంటారు. ఎక్స్‌ప్లోరర్‌లో కోలన్ కొట్టనివ్వదు గానీ ఏదైనా స్క్రిప్ట్ నుంచో కమాండ్ నుంచో అవుట్‌పుట్ పేరులో కోలన్ ఇస్తే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో, అంటే విండోస్ డిస్క్ ఫార్మాట్‌లో, దానికి వేరే అర్థం ఉంది. కోలన్ ముందున్న ముక్కతో 0 బైట్ల ఫైల్ ఒకటి కనపడుతుంది, అసలు సరుకంతా దాని వెనక దాక్కున్న, స్ట్రీమ్ అనే ఇంకో అరలో ఉంటుంది. 0 బైట్ల కథ అని పైన అన్నది ఇదే కావచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో డిర్ కమాండ్‌కి స్లాష్ ఆర్ తగిలించి చూస్తే ఆ దాగినది బయటపడుతుంది. ఆ ఫైల్‌ని ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌కి మాత్రం కాపీ చేసి అసలుది తీసేయకండి, అక్కడ స్ట్రీములు ఉండవు, వెనక ఉన్నది పోతుంది. సరైన పేరు పెట్టి మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేసుకోవడమే మంచిది.

చివరి చుక్క, చివరి స్పేస్ కూడా చూడండి. "వాల్యూమ్" కి షార్ట్‌గా చుక్క పెట్టి ఫోల్డర్ పేరు ముగించడం మనకి అలవాటు, మ్యాక్ లినక్స్ ఏమీ అనవు, విండోస్ మాత్రం చుక్కతో గానీ స్పేస్‌తో గానీ ముగిసే పేరుని సరిగ్గా తీసుకోదు, ఫోల్డర్ కనపడుతుంది, లోపలికి పోనివ్వదు, డిలీట్ కూడా కాదు. అలాంటిది ఇరుక్కుంటే 7-జిప్ ఫైల్ మేనేజర్‌లో తెరిచి రీనేమ్ చేసి చూడండి, లేదా ఆ డిస్క్‌ని మళ్ళీ మ్యాక్‌కో లినక్స్‌కో పెట్టి అక్కడ మార్చండి, నేను ఎక్కువగా రెండోదే చేస్తా.

ఇంకోటి, విండోస్‌కి సొంతంగా దాచుకున్న పేర్లు కొన్ని ఉన్నాయి, డాస్ కాలం నుంచి వస్తున్నాయి: సీ ఓ ఎన్, పీ ఆర్ ఎన్, ఏ యూ ఎక్స్, ఎన్ యూ ఎల్, కామ్1 నుంచి కామ్9, ఎల్‌పీటీ1 నుంచి ఎల్‌పీటీ9. మనకెందుకు ఇవి అనుకుంటారు, కానీ పెర్కషన్ పార్టుకి ఆక్స్ (ఏ యూ ఎక్స్) అని షార్ట్‌గా పేరు పెట్టేవాళ్ళు చాలామంది, విండోస్ 10లో ఆ పేరుతో, వెనక ఏ ఎక్స్‌టెన్షన్ ఉన్నా సరే, ఫైల్ సేవ్ అవ్వదు. ఆక్స్ పక్కన ఒక అంకెనో అండర్‌స్కోర్‌నో పెట్టి ఇంకో పదం తగిలిస్తే సరిపోతుంది. ఇటాలియన్ మాటలు పేరులో పెట్టేవాళ్ళు "కాన్" (సీ ఓ ఎన్) తర్వాత స్పేస్ బదులు చుక్క పెడితే అదీ ఇదే గోతిలో పడుతుంది.

షార్ప్ గుర్తు సంగతి కూడా చెప్పాలి. కీబోర్డ్ మీద ఉండే # వేరు, సంగీతంలో అసలు షార్ప్ ♯ వేరు, రెండూ ఒకేలా కనపడతాయి గానీ కంప్యూటర్‌కి రెండు వేరు అక్షరాలు, ఒకరు ఒకటి ఇంకొకరు ఇంకోటి పెడితే వెతికినా దొరకదు. పైగా # ఉన్న ఫైల్‌కి వెబ్ లింక్ ఇస్తే బ్రౌజర్ ఆ గుర్తు తర్వాతున్నదంతా పేజీలో ఒక చోటు అనుకుని వదిలేస్తుంది, లింక్ పనిచేయదు. పార్ట్ పేరులో ఫ్లాట్ గుర్తు ♭ ఉంటే ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్ పేరులోకి కూడా అది వచ్చే అవకాశం ఉంది, ఎక్స్‌పోర్ట్ అయ్యాక పేర్లు ఒకసారి కంటితో చూస్కోండి.

తెలుగులో పేరు పెట్టడం గురించి

మా వాళ్ళకి నేను ఎప్పుడూ తెలుగులో పేరు పెట్టొద్దు అని చెప్పలేదు, చెప్పను కూడా. చెన్నై సభల్లో డిసెంబర్ అంతా వినపడేది ఎక్కువగా తెలుగు సాహిత్యమే, ఆ పాటల్ని మన లిపిలో దాచుకోవాలనుకోవడంలో తప్పేముంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ ఇప్పుడు అన్ని లిపులకీ ఉమ్మడిగా ఉన్న యూనికోడ్‌లోనే పేర్లు దాస్తాయి, తెలుగు పేరు అన్నిట్లో ఉంటుంది. కానీ మూడు చోట్ల జాగ్రత్తగా ఉండాలి, ఇవి తెలిస్తే భయం లేదు.

మొదటిది ఐత్వం. భైరవి అనే పేరు తీసుకోండి, ఆనందభైరవి, సింధుభైరవి, మన ఫైళ్ళల్లో ఎన్ని భైరవులుంటాయో. అందులో ఉన్న ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు, ఒకే గుర్తుగా, లేదా ఎత్వం గుర్తు ఒకటీ దాని కింద వచ్చే గుర్తు ఒకటీ విడివిడిగా. కంటికి తేడా లేదు. 2017లో మ్యాక్ హై సియెర్రా వెర్షన్‌తో ఏపీఎఫ్‌ఎస్ అనే కొత్త ఫైల్ సిస్టమ్ రాకముందు మ్యాకుల్లో ఉండే పాత ఫైల్ సిస్టమ్ ఇలాంటివన్నీ విడగొట్టి దాచేది, ఇప్పటికీ ఆ ఫార్మాట్‌లో ఉన్న పాత ఎక్స్‌టర్నల్ డిస్కులు మన ఇళ్ళల్లో ఉన్నాయి. అక్కణ్ణుంచి లినక్స్‌కి తెస్తే భైరవి అని టైప్ చేసి వెతికినా దొరకదు, ఇంకా చెప్పాలంటే ఒకే ఫోల్డర్‌లో రెండు భైరవులు పక్కపక్కనే కూర్చుంటాయి, అచ్చం ఒకేలా, ఒకటి పాతది ఒకటి కొత్తది, ఏది ఏదో తెలియక పాతది ప్రింట్ తీసేస్తాం. తెలుగులో ఇలా విడిపోయేది ఈ ఐత్వం ఒక్కటే, మృదంగం వాయించే మా తమిళ పక్కింటి వాళ్ళ ఫైళ్ళల్లో అయితే ఒ, ఓ, ఔ గుర్తులు మూడూ విడిపోతాయి, కన్నడంలో కూడా కొన్ని ఉన్నాయి.

కనిపెట్టడం తేలికే. రీనేమ్‌లోకి వెళ్ళి పేరుని కాపీ చేసి మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో పెట్టండి, "భై" తర్వాత కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొట్టండి. చాలా ఎడిటర్లలో విడిపోయిన దానికి "భె" మిగులుతుంది, కలిసి ఉన్నదానికి "భ" మిగులుతుంది. బాగుచేయడం ఇంకా తేలిక, ఆ పేరు మొత్తం తుడిచేసి విండోస్‌లోనో లినక్స్‌లోనో మళ్ళీ టైప్ చేయడమే.

రెండోది కనపడని అక్షరం. పొల్లు తర్వాత ఇంకో హల్లు వస్తే ఒత్తుగా మారకుండా ఆపడానికి తెలుగు టైపింగ్‌లో ఒక గుర్తు వాడతాం, దానికి ఆకారం ఉండదు, "వయొలిన్‌పార్ట్" అని ఒకే మాటగా రాస్తే మధ్యలో అది ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని తామే పెడతాయి, కొన్ని పెట్టవు, కాబట్టి ఫోన్‌లో టైప్ చేసిన పేరూ ల్యాప్‌టాప్‌లో టైప్ చేసిన పేరూ చూడ్డానికి ఒకటే అయినా వేర్వేరు ఫైళ్ళవుతాయి. ఇంకో ఫైల్‌ని పేరుతో పిలిచే చోట, అంటే లిలీపాండ్ ఇన్‌క్లూడ్ లాంటి చోట, దీనితో గంటలు పోతాయి. పొల్లుతో ముగిసే మాట తర్వాత హైఫన్ పెట్టేస్తే ఈ గుర్తు అవసరమే రాదు, "వయొలిన్-పార్ట్" అని. మ్యాక్‌లో ఆప్షన్ నొక్కి స్పేస్ కొడితే వచ్చే విడదీయరాని స్పేస్ కూడా ఇలాంటి కనపడని దొంగే, మామూలు స్పేస్ అనుకుంటాం. అలాగే ఎక్కడినుంచో కాపీ చేసిన పొడుగు డ్యాష్, హైఫన్ లాగే ఉంటుంది, హైఫన్ కాదు.

మూడోది పొడవు. లినక్స్‌లో మామూలుగా ఉండే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో ఒక పేరుకి 255 బైట్లు గరిష్ఠం. ఇంగ్లీష్ అక్షరం ఒక బైట్, మన గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు, గుణింతం గుర్తు వేరు లెక్క, పొల్లు వేరు లెక్క. "లక్ష్మి" అని రాస్తే మనకి రెండక్షరాలు, కంప్యూటర్‌కి ఏడు గుర్తులు, 21 బైట్లు. అంటే మొత్తం పేరులో 85 గుర్తులు దాటకూడదు, ఎక్స్‌టెన్షన్‌తో కలిపి ఇంకా తక్కువ. కృతి మొదటి పాదం మొత్తం, రాగం, తాళం, వాగ్గేయకారుడు, వాయిద్యం, తేదీ అన్నీ పేరులో కూరితే 85 తేలిగ్గా దాటేస్తుంది. విండోస్‌లో పేరుకి 255 గుర్తుల దాకా కుదురుతుంది, అందుకే బాబాయి దగ్గర బాగా ఉన్న ఫైల్ అక్క ఉబుంటుకి కాపీ అయ్యేటప్పుడు పేరు మరీ పొడుగని ఆగిపోయింది.

విండోస్‌లో ఇబ్బంది ఇంకో రకం, అక్కడ పేరు ఒక్కటే కాదు, డ్రైవ్ అక్షరం నుంచి ఫోల్డర్లన్నీ కలిపిన మొత్తం దారి 260 గుర్తుల లోపు ఉండాలి అనే పాత హద్దు చాలా ప్రోగ్రాములకి ఇంకా ఉంది. 2016లో వచ్చిన విండోస్ 10 1607 వెర్షన్ నుంచి దీన్ని పెంచే సెట్టింగ్ ఉంది గానీ ప్రోగ్రాము కూడా దానికి తగ్గట్టు రాసి ఉండాలి. సెట్టింగుల జోలికి పోకుండా ఫోల్డర్‌ని సీ డ్రైవ్ మొదట్లోకి తెచ్చేయండి, అయిపోతుంది.

పెద్ద అక్షరం చిన్న అక్షరం

ఇది నిజంగా ఫైల్ పోయే చోటు, కాబట్టి దీని మీద దయచేసి ధ్యాస పెట్టండి. లినక్స్‌లో పెద్ద ఎఫ్‌తో ఫ్లూట్, చిన్న ఎఫ్‌తో ఫ్లూట్ రెండు వేర్వేరు ఫైళ్ళు. విండోస్‌లో, మామూలు సెట్టింగులున్న మ్యాక్‌లో రెండూ ఒకటే. లినక్స్ ఫోల్డర్‌ని విండోస్‌కి కాపీ చేసేటప్పుడు ఇప్పటికే ఉంది, రీప్లేస్ చేయనా అని అడుగుతుంది, మనం చూడకుండా అన్నిటికీ ఎస్ కొట్టేస్తాం, ఒకటి పోతుంది. అలాంటి ప్రశ్న వస్తే స్కిప్ కొట్టి ఆ రెండూ తెరిచి చూడండి.

మ్యాక్, విండోస్ నుంచి లినక్స్‌కి అయితే ఏదీ పోదు గానీ దొరకదు. లిలీపాండ్ వాడేవాళ్ళకి ఇది బాగా తెలుస్తుంది, మేనల్లుడు మ్యాక్‌లో ఇన్‌క్లూడ్ లైన్‌లో చిన్న వీతో వయొలిన్ అని రాశాడు, ఫైల్ పేరు మాత్రం పెద్ద వీతో ఉంది, వాడి దగ్గర అన్ని రోజులూ పనిచేసింది, అక్క దగ్గరికి రాగానే ఫైల్ దొరకలేదని ఎర్రర్. రెండు చోట్లా ఒకే స్పెల్లింగ్ ఒకే అక్షరాలు, అన్నీ చిన్నవే పెట్టుకుంటే తలనొప్పి ఉండదు. విండోస్‌లో కూడా ఆ ఇన్‌క్లూడ్ లైన్‌లో ఫోల్డర్ దారికి ముందుకి వాలిన స్లాషే వాడాలి, వెనక్కి వాలినది లిలీపాండ్‌కి వేరే అర్థం. తెలుగు సాహిత్యం ఉన్న ఫైల్ అయితే యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో సేవ్ అయిందో లేదో చూడండి, 2019లో వచ్చిన విండోస్ 10 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ మామూలుగానే అలా సేవ్ చేస్తుంది, అంతకు ముందుదైతే సేవ్ యాజ్‌లో కింద మీరే ఎంచుకోవాలి.

మొదటి అక్షరం మాత్రమే పెద్దదాన్ని చిన్నగా మార్చాలంటే విండోస్‌లో మ్యాక్‌లో ఒక్కోసారి సింక్ అయ్యే ఫోల్డర్లకి ఆ మార్పు తెలియదు. ముందు వేరే పేరు పెట్టి, తర్వాత కావాల్సిన పేరు పెట్టండి.

ఎక్స్‌టెన్షన్ మాయమైతే

ఫోన్‌లో మెసేజింగ్ యాప్ ద్వారా వచ్చిన ఫైళ్ళకి పేరే మారిపోయి, చివర ఎక్స్‌టెన్షన్ లేకుండా వచ్చిన సందర్భాలు మా గ్రూపులో చాలా ఉన్నాయి. విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి వెళ్ళి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసుకోండి, మ్యాక్ అయితే ఫైండర్ సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్‌లో ఉంటుంది. ఇది ఆన్ లేకపోతే మీరు పేరు మార్చానని అనుకుంటారు, వెనక టీఎక్స్‌టీ అని ఇంకోటి తగులుకుని ఉంటుంది.

ఏ ఫైలో తెలియనప్పుడు ఒక ఉపాయం ఉంది. మ్యూజ్‌స్కోర్ వాడే ఎమ్ఎస్‌సీజెడ్, ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి నొటేషన్ పంపే మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌ని కంప్రెస్ చేస్తే వచ్చే ఎమ్ఎక్స్‌ఎల్, ఈ రెండూ నిజానికి జిప్ ఫైళ్ళే. కాపీ తీసి దాని ఎక్స్‌టెన్షన్ జిప్ అని మార్చి తెరిచి చూడండి, లోపల ఎమ్ఎస్‌సీఎక్స్ ఉంటే మ్యూజ్‌స్కోర్‌ది, ఫైల్ బతికే ఉంది. చూసి మూసేయండి, లోపలి ఫైళ్ళ పేర్లు మార్చొద్దు, ఎమ్ఎక్స్‌ఎల్‌లో అసలు ఫైల్ ఏదో చెప్పే చిన్న చీటీ లాంటి ఫైల్ ఒకటి విడిగా ఉంటుంది, లోపల పేరు మారిస్తే ఆ చీటీ తప్పవుతుంది. బయటి పేరు ఎన్నిసార్లు మార్చినా ఏం కాదు. కంప్రెస్ చేయని మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్ పాతవి ఉత్త ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎక్స్‌టెన్షన్‌తో ఉంటాయి, 2017లో వచ్చిన 3.1 వెర్షన్ నుంచి మ్యూజిక్‌ఎక్స్‌ఎమ్‌ఎల్ అని పూర్తిగా పెట్టడం మొదలైంది, అవసరమైతే అలా మార్చుకోండి. ఫినాలే అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్ తయారీ 2024 ఆగస్టులో ఆపేశారు కాబట్టి ఆ పాత ఫైళ్ళున్న వాళ్ళు ఎలాగూ మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లోకి మారుస్తున్నారు, ఆ మార్చేటప్పుడే పేర్లు కూడా సరిచేసుకుంటే ఒకే దెబ్బకి పోతుంది.

పేరు బాగుంది, ఎక్స్‌టెన్షన్ బాగుంది, అయినా తెరుచుకోకపోతే వెర్షన్ చూడండి. మ్యూజ్‌స్కోర్ 4లో సేవ్ చేసింది 3లో తెరుచుకోదు, అది పేరు సమస్య కాదు, మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పంపమనండి.

నిజంగానే పాడైతే బ్యాకప్ వెతకండి, అదీ పేరులోనే దాక్కుని ఉంటుంది. మ్యూజ్‌స్కోర్ 3 అదే ఫోల్డర్‌లో అదే పేరుకి ముందు చుక్క, చివర కామా తగిలించి బ్యాకప్ పెడుతుంది, 4 అయితే ఎమ్ఎస్‌సీ బ్యాకప్ అనే చుక్కతో మొదలయ్యే ఫోల్డర్‌లో, చివర ~ గుర్తుతో పెడుతుంది. దాగిన ఫైళ్ళు చూడ్డానికి మ్యాక్‌లో కమాండ్ షిఫ్ట్ చుక్క, ఉబుంటులో కంట్రోల్ హెచ్, విండోస్‌లో వ్యూలో హిడెన్ ఐటమ్స్. ఆ ఫైల్‌ని వేరే ఫోల్డర్‌కి కాపీ చేసి ముందూ వెనకా ఉన్న గుర్తులు తీసేస్తే మామూలుగా ఓపెన్ అవుతుంది. మధ్యలో మీరు పాట పేరు మార్చి ఉంటే బ్యాకప్ పాత పేరుతోనే ఉంటుంది, ఆ పేరుతోనే వెతకండి.

ఇప్పుడు మేం పెట్టుకుంటున్న పేర్లు

పాట అసలు పేరు, రాగం, తాళం, 7/8, కోలన్, ♭, వాగ్గేయకారుడి పేరు, ఇవన్నీ స్కోర్ లోపల టైటిల్లో రాస్తాం, ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో కూడా నింపుతాం, అన్నీ తెలుగులోనే, అక్కడ ఏ గుర్తుకీ అడ్డు లేదు. తెలుగు ఫాంట్‌గా నోటో శాన్స్ తెలుగు అందరి దగ్గరా వేసుకున్నాం, అది మూడు సిస్టముల్లోనూ దొరుకుతుంది. బయట ఫైల్ మీద మాత్రం చేతులు మారే కాపీకి ఇంగ్లీష్ చిన్న అక్షరాలు, అంకెలు, హైఫన్, అంతే. ముందు రెండంకెల నంబర్, 01 02 అని, లేకపోతే కొన్ని చోట్ల 10 వచ్చి 2 కంటే ముందు కూర్చుంటుంది, తర్వాత రాగం, వాయిద్యం, చివర వెర్షన్ నంబర్. తేదీ కావాలంటే సంవత్సరం ముందు, 2025-01-12 లాగా, 12/01 అని రాస్తే మళ్ళీ స్లాషే. పిన్ని కోరస్ వాళ్ళకి తెలుగు పేరే కావాలంది, ఆవిడ కంప్యూటర్‌లో ఫోల్డర్ పేరు తెలుగులో ఉంటుంది, లోపలి ఫైళ్ళు మాత్రం ఇలాగే.

పాత ఫైళ్ళు వందల్లో ఉంటే ఒక్కొక్కటీ మార్చక్కర్లేదు. మ్యాక్‌లో అన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్‌లో రీనేమ్ అంటే ఒక మాట బదులు ఇంకో మాట పెట్టే డబ్బా వస్తుంది, ఉబుంటులో సెలెక్ట్ చేసి ఎఫ్2, విండోస్‌లో పవర్‌టాయ్స్ వేసుకుంటే పవర్ రీనేమ్ అని ఉంటుంది. మార్చే ముందు ఫోల్డర్ మొత్తానికి కాపీ తీయండి, లిలీపాండ్ వాళ్ళైతే ఇన్‌క్లూడ్ లైన్లు కూడా ఆ తర్వాత మార్చాలి.

ఇక జెరాక్స్ షాపుకి తీసుకెళ్ళే పెన్‌డ్రైవ్ వేరుగా పెట్టుకున్నా, అందులో పీడీఎఫ్‌లు తప్ప ఇంకేమీ ఉండవు, ఫోల్డర్లు కూడా ఉండవు. బయల్దేరే ముందు బాబాయి పాత ల్యాప్‌టాప్‌లో దాన్ని పెట్టి మొదటిది, మధ్యలోది, చివరిది తెరిచి చూస్తా, ఫైళ్ళ సంఖ్య పార్టుల సంఖ్యతో సరిపోయిందా అని లెక్కపెడతా, సరిపోతేనే చెప్పులు వేసుకుంటా.